చెమట లెక్క, చక్రవడ్డీ లెక్క

ఏడాదికి 8,760 గంటలు. రోజుకు ఎనిమిది గంటల నిద్ర తీసేస్తే మిగిలేవి 5,840. వారానికి 40 గంటల చొప్పున 50 వారాలు పనిచేసే మనిషి అందులో 2,000 గంటలు పనికి ఇస్తాడు. వారానికి 60 గంటలు చేస్తే 3,000. అంటే ఎంత ఒళ్లు వంచినా పనిగంటలు ఒకటిన్నర రెట్లు దాటడం కష్టం. గంటకు వచ్చే ప్రతిఫలానికి మాత్రం అలాంటి గట్టి హద్దు లేదు. అది రెండింతలు కావచ్చు, ఐదింతలు కావచ్చు, సున్నాకు పడిపోనూవచ్చు.

కష్టపడాలా, తెలివిగా పనిచేయాలా అనే వాదన సాధారణంగా ఇక్కడే మొదలై, తెలివే గొప్పదన్న తీర్పుతో ఇక్కడే ముగుస్తుంది. ఆ తీర్పు సగమే నిజం. మొదటి పదేళ్లలో డబ్బును పెంచేది కష్టమే. ఆ దశలో మదుపు మీద ఎంత మెదడు ఖర్చుపెట్టినా ఒరిగేది తక్కువ. తర్వాత ఒక దశలో ఇది తిరగబడుతుంది. ఎప్పుడు తిరగబడుతుందో కాగితం మీద లెక్కవేసి చెప్పవచ్చు.

ముందు కష్టం సంగతి

గంటలు పెంచితే ఫలితం అదే నిష్పత్తిలో పెరుగుతుందా? మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో కార్మికుల గంటలు, ఉత్పత్తి రెండూ నమోదయ్యాయి. ఆ రికార్డులను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో మళ్లీ లెక్కగట్టారు. వారానికి దాదాపు 49 గంటల వరకు ఉత్పత్తి గంటలతో సమానంగా పెరిగింది. ఆ పైన పెరుగుదల తగ్గుతూ పోయింది. 70 గంటలు పనిచేసినవారి ఉత్పత్తికి, 56 గంటలు చేసినవారి ఉత్పత్తికి పెద్ద తేడా లేదు. చివరి 14 గంటలు దాదాపు వృథా. హెన్రీ ఫోర్డ్ 1926లో తన కర్మాగారాల్లో వారానికి ఐదు రోజులు, 40 గంటల పద్ధతి పెట్టడం వెనుక జాలి ఒక్కటే లేదు. అలసిన కార్మికుడు ఖరీదైనవాడని ఆయనకు తెలుసు.

ఒంటి మీద పడే భారం వేరే. వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. ఆర్థిక భద్రత కోసం చేసే చాకిరీ సంపాదించే శరీరాన్నే తినేస్తే లెక్క తేలేది లోటులోనే.

ఓవర్‌టైమ్ ఒప్పుకునే ముందు అసలు గంట ధర తెలుసుకోవాలి. నెల జీతం 100 అనుకుందాం. కాగితం మీద పని 176 గంటలు, అంటే గంటకు 0.57. కానీ రానుపోను ప్రయాణం, ఇంటికి తెచ్చుకున్న పని, సెలవురోజు ఫోన్లు కలిపితే 230 గంటలు అవుతాయి. ప్రయాణం, బట్టలు, బయట తిండి లాంటి ఉద్యోగపు ఖర్చులు 12 పోతే చేతికి మిగిలేది 88. అసలు ధర గంటకు 0.38. అనుకున్నదానికంటే మూడో వంతు తక్కువ. పదోన్నతి వచ్చి జీతం పది శాతం పెరిగి, గంటలు ఇరవై శాతం పెరిగినవారు నిజానికి చౌకయ్యారు. ఆ పదోన్నతి ఎందుకూ పనికిరాదని కాదు. అది నేర్పేది, తెరిచే తలుపు ఆ నష్టానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి, అంతే.

గంట గడిచాక మిగిలేది

కష్టం, తెలివి అని రెండు గట్లు గీయడం కన్నా పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఈ గంట అయిపోయాక ఏం మిగిలింది? కొన్ని గంటలు కూలి ఇచ్చి ఆవిరైపోతాయి. రేపు మళ్లీ సున్నా నుంచి మొదలు, గానుగెద్దు నడకలా. కొన్ని గంటలు నైపుణ్యంగా చేతిలో నిలుస్తాయి. కొన్ని ఒక పనిముట్టుగా, రాసిపెట్టుకున్న పద్ధతిగా, నమ్మకమున్న ఖాతాదారుగా మిగులుతాయి. పొదుపు చేసిన కూలి అసలుగా మారి దానంతట అదే పనిచేస్తుంది.

బాగా కష్టపడుతున్నా ముందుకు సాగని మనిషి వారాన్ని పరిశీలిస్తే సాధారణంగా మొదటి రకం గంటలే నిండి ఉంటాయి. వాటిని తీసేయడం కుదరదు, ఇల్లు గడిచేది వాటితోనే. కానీ వారంలో నాలుగైదు గంటలు రెండో రకానికి కేటాయించినా ఏడాదికి 200 నుంచి 250 గంటలు అవుతాయి. ఒక లెక్కల సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా నేర్చుకోవడానికో, చేసే పనికి పక్కనే ఉన్న మరో పనిలో చేయి తిరగడానికో అది చాలినంత సమయం. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. పరీక్ష రాసి కాగితం తెచ్చుకోవడమే నేర్చుకోవడం అనుకుంటారు. గంట ధర పెరిగేది ఆ నైపుణ్యానికి డబ్బిచ్చేవారు ఇప్పటికే ఉన్నప్పుడే. మొదలుపెట్టే ముందు ఆ నైపుణ్యం అడిగే ఉద్యోగ ప్రకటనలు ఇరవై చదివి, వాటిలో ఇచ్చే జీతం రాసుకుంటే చాలా వృథా శ్రమ తప్పుతుంది.

జీతం గురించి ఒకసారి గట్టిగా అడగడం బహుశా అన్నిటికన్నా ఎక్కువ ధర పలికే గంట. ఏడాది ఆదాయం 100 ఉన్నవారు 5 ఎక్కువ సాధించి, ఆ 5నీ ఏటా పొదుపు చేస్తే, ద్రవ్యోల్బణం పోను 4 శాతం రాబడితో 30 ఏళ్లకు అది 280 అవుతుంది. రెండేళ్ల ఎనిమిది నెలల పైబడిన ఆదాయం అది. తర్వాతి పెంపులన్నీ పెరిగిన జీతం మీదే పడతాయి కాబట్టి అసలు లాభం ఇంకా ఎక్కువ. అడిగేటప్పుడు అవసరాలు ఏకరువు పెడితే పని కాదు. గత 12 నెలల్లో తగ్గించిన ఖర్చు, తెచ్చిన ఆదాయం, పూర్తిచేసిన పనులు అంకెల్లో చెప్పాలి. అదే పనికి బయట ఎంత ఇస్తున్నారో తెలిసి ఉండాలి.

తిరగబడే చోటు

ఇక అసలు లెక్క. ఏటా ఒకే మొత్తం పొదుపు చేస్తూ పోతే, ఏ సంవత్సరం ఆ ఏటి పొదుపు కన్నా ఆ ఏటి రాబడి ఎక్కువవుతుంది? దీనికి జవాబు చాలా అందంగా వస్తుంది: డబ్బు రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో సరిగ్గా అన్నేళ్లకు. పొదుపు పెద్దదా చిన్నదా అన్నది ఇందులో లెక్కలోకే రాదు. రెట్టింపు కాలం తెలుసుకోవడానికి ఇటలీ గణితవేత్త లూకా పాచోలి 1494లోనే రాసిపెట్టిన 72 సూత్రం చాలు. 72ని వడ్డీ రేటుతో భాగించాలి. రాబడి 7 శాతమైతే పదేళ్ల పైచిలుకు. ద్రవ్యోల్బణం పోను 4 శాతమైతే దాదాపు 18 ఏళ్లు.

ఆ సంవత్సరం దాకా మనిషే ఇంజిను. ఆ తర్వాత డబ్బు ఇంజిను. ఈ ఒక్క విషయం తెలియక రెండు వైపులా పొరపాట్లు జరుగుతాయి. ఏడాదికి 100 సంపాదించి 25 పొదుపు చేసే మనిషి దగ్గర రెండేళ్లకు దాదాపు 50 ఉంటుంది. రాత్రిళ్లు మేల్కొని షేర్ల పట్టీలు చదివి రెండు శాతం ఎక్కువ రాబడి తెచ్చినా వచ్చేది 1. అదే సమయం అదనపు పనికి పెట్టి ఆదాయం ఐదు శాతం పెంచుకుంటే 5. అదే మనిషి దగ్గర 1,000 పోగైన తర్వాత లెక్క మారుతుంది. అదే రెండు శాతం ఇప్పుడు 20, అదనపు పని మాత్రం 5 దగ్గరే ఉంది. మొదట్లో మదుపు చిట్కాల వెంట పడేవారు, చివర్లో మదుపును గాలికొదిలి ఓవర్‌టైమ్ చేసేవారు, ఇద్దరూ తప్పు చోట చెమటోడుస్తున్నారు.

ఈ లెక్కను ఇంకొంచెం సాగదీద్దాం. ఆదాయం 100, ఖర్చు 75, పొదుపు 25. పని మానేశాక ఇల్లు గడవడానికి ఏడాది ఖర్చుకు 25 రెట్లు, అంటే 1,875 కూడబెట్టాలన్నది లక్ష్యం. ద్రవ్యోల్బణం పోను 4 శాతం రాబడితో 35 ఏళ్లు పడుతుంది. రాబడి ఒక శాతం పెరిగి 5 అయితే 32 ఏళ్లు. ఆదాయం 120కి పెరిగి ఖర్చు 75 దగ్గరే ఆగితే 25 ఏళ్లు. ఆదాయం 120 అయ్యి ఖర్చు కూడా అదే వరుసలో 90కి పెరిగితే? పొదుపు 30, లక్ష్యం 2,250, పట్టే కాలం మళ్లీ 35 ఏళ్లే. జీతం ఇరవై శాతం పెరిగింది, భద్రత ఒక్కరోజు కూడా దగ్గర పడలేదు. సంపాదన బాగున్నా ఏదీ నిలవడం లేదని వాపోయేవారి కథ మొత్తం ఈ చివరి వాక్యంలోనే ఉంటుంది. ఆదాయంలో పదో వంతు మాత్రమే పొదుపు చేసేవారికి ఇదే లక్ష్యం 59 ఏళ్లు. సగం మిగల్చగలిగినవారికి 18 ఏళ్లు కూడా పట్టదు. అయితే సగం మిగల్చడం చాలామందికి నోటితో అన్నంత తేలిక కాదు. తిండీ అద్దే ఆదాయంలో ముప్పాతిక తినేసే చోట మిగిలిన దారి గంట ధర పెంచుకోవడం ఒక్కటే.

ఖర్చు పెరగకుండా పట్టి ఉంచడానికి మనోబలం మీద ఆధారపడితే నాలుగు నెలలు కూడా నడవదు. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్‌జి 2004లో ప్రచురించిన పథకం ఈ బలహీనతను ఒప్పుకునే కట్టింది. ఇప్పటి జీతం ముట్టుకోరు, ముందు ముందు వచ్చే ప్రతి పెంపులో కొంత భాగం దానంతట అదే పొదుపులోకి పోయేలా ముందే ఒప్పుకుంటారు. అలా చేరిన ఉద్యోగుల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. సొంతంగా చేసుకోవడానికి జీతం పడిన మర్నాడే బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా వేరే ఖాతాకు బదిలీ అయ్యేలా పెట్టి, పెంపు వచ్చిన నెలే ఆ మొత్తాన్ని పెంపులో సగం మేరకు పెంచాలి. నెలాఖరున మిగిలింది పొదుపు చేద్దామనుకుంటే నెలాఖరున ఏమీ మిగలదు.

డబ్బు పనిచేసేటప్పుడు

తిరగబడే చోటు దాటాక తెలివి అంటే ఎక్కువ కదలడం కాదు, తక్కువ పారబోసుకోవడం. రాబడి 7 శాతం వచ్చే రెండు ఫండ్లలో ఒకటి ఏటా 1.5 శాతం, మరొకటి 0.2 శాతం ఖర్చు కింద కోసుకుంటాయనుకుందాం. 30 ఏళ్లకు మొదటిదానిలో పెట్టిన 100 దాదాపు 498 అవుతుంది, రెండోదానిలో 720. ఏ ఏడాదీ కంటికి ఆనని 1.3 శాతం తేడా చివరికి మూడో వంతుకు దగ్గరగా మింగేస్తుంది. జాన్ బోగల్ 1976లో సామాన్య మదుపరుల కోసం మొదటి ఇండెక్స్ ఫండ్ తెచ్చింది ఈ కోత మీద కోపంతోనే. మార్కెట్‌ను గెలవాలని చూడకుండా మొత్తం మార్కెట్‌నే చౌకగా కొనిపెట్టడం దాని పద్ధతి.

కష్టపడితే ఫలితం పెరుగుతుందన్న నమ్మకం మదుపులో మాత్రం ఎదురు తిరుగుతుంది. అమెరికాలో 1991 నుంచి 1996 దాకా ఒక బ్రోకరేజీలోని 66,465 కుటుంబాల ఖాతాలను బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ పరిశీలించారు. అందరికన్నా ఎక్కువగా కొని అమ్మినవారికి ఏడాదికి దక్కింది 11.4 శాతం. ఆ కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. చెమటోడ్చి మరీ నష్టపోయారు.

ఇంకో గొయ్యి అంతా ఒకేచోట పెట్టడం. 2001లో అమెరికా ఇంధన సంస్థ ఎన్‌రాన్ కూలినప్పుడు ఆ సంస్థ ఉద్యోగుల పదవీ విరమణ పొదుపులో సగానికి పైగా ఎన్‌రాన్ షేర్లలోనే ఉంది. ఉద్యోగం, దాచుకున్నది ఒకే దెబ్బకు పోయాయి. జీతమిచ్చే సంస్థ షేర్లే కాదు, అదే రంగం షేర్లు నిండా ఉన్నా ముప్పు అదే జాతిది. ఒక దేశపు షేర్లన్నీ కొన్నా పూర్తి రక్షణ లేదు: జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర ముగిసి, ఆ గీతను మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో.

తెలివి పేరుతో జరిగే తప్పులు

తెలివిగా పనిచేయడం అనేది ఇప్పుడు ఒక సరుకుగా అమ్ముడవుతోంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. రోజూ పది నిమిషాలు పట్టే పని 250 పనిదినాల్లో దాదాపు 42 గంటలు. దాన్ని యంత్రానికో ప్రోగ్రామ్‌కో అప్పగించడానికి 20 గంటలు, ఏటా బాగుచేసుకోవడానికి 10 గంటలు పడితే మొదటి ఏడాది 12 గంటలు, ఆ తర్వాత ఏటా 32 గంటలు మిగులుతాయి. చేయదగ్గ పనే. వారానికి ఒకసారి ఐదు నిమిషాలు పట్టే పని ఏడాదికి నాలుగు గంటల పైచిలుకు. దానికి అదే ఏర్పాటు చేస్తే నిర్వహణకే ఏటా ఆరు గంటలు ఎదురు పడుతుంది. సరదాగా ఉంటుంది కనుక చాలామంది రెండోదే చేస్తారు.

పనిని వేరేవారికి అప్పగించడంలోనూ ఇలాంటిదే ఒక చిక్కు ఉంది. చేతితో ఒకసారైనా చేయని పనిని అప్పగిస్తే వచ్చింది మంచిదో చెడ్డదో తేల్చుకోలేరు. తప్పు బయటపడేసరికి అది ఖాతాదారు చేతిలో ఉంటుంది. ముందు కష్టపడి నేర్చుకోవడం, ఆ మెట్లు కాగితం మీద రాయడం, అప్పుడు అప్పగించడం, మొదటి నెల పూర్తిగా తనిఖీ చేయడం. ఈ వరుసను తలకిందులు చేసినవారికే చేతులు కాలుతాయి.

కూర్చుంటే వచ్చే ఆదాయం అన్న మాట అన్నిటికన్నా మోసకారి. అద్దెకిచ్చిన ఇల్లు నెలకు 10 చొప్పున ఏడాదికి 120 తెస్తుందని అనుకుంటారు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే 10 పోతుంది. మరమ్మతులకు 12, పన్ను, బీమాలకు 10 వేసుకుంటే మిగిలేది 88. కొత్తవారిని వెతకడం, పైపు పగిలితే పరిగెత్తడం కలిపి ఏడాదికి 40 గంటలు పెడితే అది కూర్చుని తిన్నది కాదు, పార్ట్‌టైమ్ ఉద్యోగమే. మంచి గంట ధర ఉన్న ఉద్యోగమే కావచ్చు, ఆ పేరుతో లెక్కవేస్తేనే తెలుస్తుంది. అలాగే మూడు నాలుగు ఆదాయ మార్గాలున్నాయని చెప్పుకునేవారు అవన్నీ ఒకే వేదిక మీదో ఒకే ఖాతాదారు మీదో నిలబడి ఉన్నాయేమో చూసుకోవాలి. అలా ఉంటే అది ఒక్క మార్గమే.

కూలకుండా

పై లెక్కలన్నీ మధ్యలో ఆటంకం రాదన్న ఊహ మీద నడిచాయి. ఆటంకం వస్తుంది. అందుకే మదుపు కన్నా ముందు కొన్ని పనులుంటాయి, వాటిలో మెరుపేమీ ఉండదు. నెలకు 2 శాతం వడ్డీ పడే కార్డు బాకీ కట్టకుండా వదిలేస్తే 35 నెలల్లో రెట్టింపు అవుతుంది. దాన్ని తీర్చడం కన్నా ఖాయమైన రాబడి ఇచ్చే మదుపు ఎక్కడా లేదు. ఒక నెల ఖర్చంత చేతిలో ఉంచుకుని బాకీ తీర్చి, ఆ తర్వాత అత్యవసర నిధిని స్థిరమైన జీతం ఉన్నవారు మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకు, ఆదాయం హెచ్చుతగ్గులుండేవారు తొమ్మిది నుంచి పన్నెండు నెలల ఖర్చుకు పెంచుకోవాలి. ఇది వడ్డీ కోసం కాదు. మార్కెట్ పడిన నెలలోనే ఉద్యోగం పోవడం మామూలే, రెంటికీ కారణం ఒకటే మాంద్యం. అప్పుడు నిధి లేనివారు పడిన ధరకు అమ్ముకోవాల్సి వస్తుంది. సగం పడిన చోట అమ్మితే తిరిగి మొదటికి రావడానికి ఆ డబ్బు రెట్టింపు కావాలి.

బీమా దగ్గర చాలామంది ఇల్లు, బండి గురించి ఆలోచిస్తారు. 30 ఏళ్ల పని ఇంకా మిగిలి ఉన్న మనిషి అసలు ఆస్తి రాబోయే సంపాదన. ఏటా 100 చొప్పున 30 ఏళ్లు వచ్చేదాన్ని 4 శాతం లెక్కన ఈనాటి విలువకు దింపితే 1,729. పదిహేడేళ్ల ఆదాయం అది. ఆధారపడినవారు ఉంటే ప్రాణానికి, ఎవరూ లేకపోయినా పనిచేయలేని స్థితికి, ఈ రెంటికీ బీమా ఉండాలి. రెండోదాన్నే ఎక్కువమంది మరిచిపోతారు.

పని మానేశాక

25 రెట్ల లక్ష్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చెప్పుకోవచ్చు. అమెరికా మార్కెట్ల చరిత్ర తిరగేసి ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1994లో ఒక లెక్క తేల్చారు. మొదటి ఏడాది మొత్తంలో 4 శాతం, అంటే 25వ వంతు తీసుకుని, ఆ తర్వాత ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచుకుంటూ పోతే, గతంలో వచ్చిన అతి చెడ్డ కాలాల్లో కూడా డబ్బు 30 ఏళ్లు నిలిచింది. ఒక దేశపు చరిత్ర, 30 ఏళ్ల గడువు అన్న రెండు షరతులు అందులో ఉన్నాయి. నలభై ఏళ్లకే పని మానేయాలనుకునేవారు ఆ షరతులను చదవకుండా అంకెను మాత్రం పట్టుకుంటారు.

ప్రమాదం అంతా మొదటి ఐదారేళ్లలోనే ఉంది. సగటు రాబడి ఒకటే అయినా, పని మానేసిన వెంటనే మార్కెట్ పడితే, పడిన ధరకు అమ్మి తిన్న భాగం మళ్లీ పెరగడానికి ఉండదు. అదే పతనం పదిహేనేళ్ల తర్వాత వస్తే దెబ్బ చిన్నది. ఇక్కడ కష్టం మళ్లీ రంగంలోకి వస్తుంది. దగ్గర 1,000 ఉండి ఏటా 40 కావలసిన మనిషి, మొదటి ఐదేళ్లు వారానికి రెండు మూడు రోజుల పనితో 15 సంపాదిస్తే, తీయవలసింది 25 మాత్రమే, అంటే రెండున్నర శాతం. మార్కెట్ బాగున్న ఏడాది ఆ పని మానుకోవచ్చు, బాగోని ఏడాది ఇంకొంచెం చేయవచ్చు. అయితే అరవై దాటాక రెండు రోజుల పని పిలిచి ఇచ్చేవారు ఉండాలంటే, యాభైల్లోనే ఆ నైపుణ్యం, ఆ పరిచయాలు నిలబెట్టుకుని ఉండాలి.